రోజుకు పదకొండుమంది

"ఆ శాలువా ఇలా పెట్టు."

"పెట్టను."

"నా శాలువా, నా పెట్టె. నడుమ నీ పెత్తనమేమిటే?"

ఇంకా ఆరు కాలేదు. వదిన ఒక్కొక్క బట్టే మడిచి పెట్టెలో పెట్టడం, మరదలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పడేయడం పావుగంట నుంచీ సాగుతోంది. ఇద్దరూ గొంతు పెంచలేదు. పక్కగదిలో బూట్లు తుడుచుకుంటున్న మనిషికి వినబడాలని ఇద్దరికీ ఉంది. వినబడనివ్వకూడదని అంతకంటే ఎక్కువ ఉంది.

ఊళ్ళో ఈ మరదలిని అందరూ కత్తెర అంటారు. కుట్టుపని చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె అనుకుంటుంది. ఆమె నోరు ఎరిగినవాళ్ళు ఆ మాటకు నవ్వుకుంటారు.

"ఆసుపత్రి పక్కనే సత్రం ఉంది. నాలాంటి రోగిష్టివాళ్ళే ఇరవైమంది ఉన్నారట. మంచం ఇస్తారు, ఇంత ముద్ద పెడతారు. వారానికి మూడుసార్లు నడిచి వెళ్ళి, నా మిషను మీద నేను పడుకుంటాను," అంది వదిన. "నీ మిషను గుడ్డలు కుడుతుంది, నా మిషను రక్తం ఉతుకుతుంది. ఎవరి మిషను దగ్గర వాళ్ళుందాం. నెలకోసారి వచ్చి చూసిపోదురుగాని."

"దేనిమీద వస్తాం?"

వదిన చేయి ఆగింది.

"బస్సు లేదనేగా మీరు వెళ్తానంటున్నది. ఆ లేని బస్సు మమ్మల్ని మాత్రం ఎలా తెస్తుంది?"

వదిన పెట్టెలోకి చూస్తూ నిలబడిపోయింది. ఒక ఇంట్లోంచి పెట్టె బయటికి పోవడం ఎంతసేపు? మడిచిన బట్టలు నాలుగు, మూత ఒకటి, గొళ్ళెం ఒకటి. ఆ తరువాత ఆ మూల ఖాళీగా ఉండడమే ఎన్నాళ్ళో తెలియదు.

గోడకు గుచ్చిన నోటీసు ఆ ఇంట్లో నాలుగో మనిషిలా అందరినీ చూస్తోంది. కొండదారి బస్సు వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఆగిపోతుంది. గిట్టుబాటు కాని దారుల్లో బస్సు నడిపినందుకు ప్రభుత్వం ఇచ్చే సాయం రోజుకు సగటున పాతికమంది ఎక్కే బండికే ఇస్తారు. ఈ బండి ఎక్కేది పదకొండుమంది. అభ్యంతరాలుంటే ఈ రోజు పదకొండు గంటలకు పట్నంలో రవాణా అధికారిణి ముందు చెప్పుకోవచ్చు. సాయంత్రానికల్లా జాబితా పైకి వెళ్ళిపోతుంది.

"పదకొండుమందట!" వదిన మళ్ళీ రాజుకుంది. "మొన్న నేనెక్కేసరికి నిలబడ్డవాళ్ళే పదిమంది. లెక్కపెట్టినవాడికి మొహాన ఉన్నవి కళ్ళా, కాకరకాయలా?"

కత్తెర ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పాలు పొంగకపోవడమంత వింత.

వదిన తలెత్తి చూసింది. పక్కగదిలో బ్రష్షు చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ."

"ఆఁ అక్కా."

"ఏడేళ్ళయింది నేను నీ బస్సెక్కబట్టి. నాకెప్పుడైనా టికెట్టు కొట్టావట్రా?"

జవాబు రాలేదు. మనిషే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఒక కాలికి బూటుతో, రెండో బూటు చేత్తో. ఆ బస్సుకు పద్నాలుగేళ్ళుగా కండక్టరు అతను. అక్క ముందు మాత్రం ఇప్పటికీ బళ్ళో పలక పగలగొట్టుకొచ్చిన కుర్రాడిలాగే నిలబడతాడు.

"చెప్పొద్దన్నానా!" అంది కత్తెర.

"నేనేం చెప్పాను? అడిగింది."

"ఊరుకోవచ్చుగా!"

"ఊరుకున్నానుగా. ఊరుకుంటేనే తెలిసిపోయింది."

వదిన మంచం మీద కూర్చుంది. "ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పండి. నా ఒంట్లో దాపరికాలకి చోటు లేదు."

అతనే చెప్పాడు. అక్కకి ఆసుపత్రిలో మంచం తొమ్మిదిన్నరకి. దారిలో పదిహేడు స్టాపులు. ఎక్కేవాళ్ళలో సగానికి పైగా ముసలివాళ్ళు, రోగులు, బడిపిల్లలు. వాళ్ళకి ప్రయాణం ఉచితం. కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి. ముసలాయన సంచీ విప్పాలి, మూట విప్పాలి, కార్డు తీయాలి, అది పెళ్ళాం కార్డని గుర్తుపట్టాలి, మళ్ళీ మూట కట్టాలి. స్టాపుకి మూడు నిమిషాలు. మొదటి నెలలో బండి రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ అక్క మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.

"అప్పుడు మానేశాను," అన్నాడు. "కూర్చో మామ్మా, కార్డు అక్కర్లేదులే అనేవాణ్ణి. ఎలాగూ ఊరికే ఎక్కేవాళ్ళు. సున్నా అని అచ్చయ్యే కాగితానికి ఎందుకీ తిప్పలు అనుకున్నాను. ఆ సున్నాకి కూడా పైనుంచి డిపోకి సొమ్ము వస్తుందని, మనుషుల్ని లెక్కపెట్టేది ఆ కాగితాల్తోనేనని నాకేం తెలుసు? ఆ నోటీసు వచ్చాకే తెలిసింది."

వదిన శాలువా ఒళ్ళోకి లాక్కుంది.

"అంటే నా మంచం కోసం..." అని మొదలుపెట్టి, ఆపేసింది.

"మీ మంచం కోసం కాదు, ఆయన తెలివితక్కువతనం కోసం," అని కత్తెర అందుకుంది. "ఇప్పుడు ఏడుపులు వద్దు. ఇవాళ ప్రతి ఒక్కరికీ టికెట్టు కొడతారు. అందర్నీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్తాం. ఇంతమందిమి ఉన్నాం, బస్సు కావాలి అంటాం. అంతే. పాత సంగతి ఒక్కరూ ఎత్తకూడదు. టికెట్టు లేకుండా మనిషిని ఎక్కించాడంటే కండక్టరు ఉద్యోగం ఊడుతుంది. చిల్లిగవ్వ తినకపోయినా రూలు రూలే. బస్సూ ఉండాలి, మీరూ ఉండాలి, ఆయన ఉద్యోగమూ ఉండాలి. మూడింట్లో ఒక్కటి కూడా నేను వదలను."

"పెద్ద ఆశే."

"కొలత తీసుకున్నాక గుడ్డ చాలదంటే నేను కుట్టుపనిదాన్ని ఎలా అవుతాను? ఎక్కడో అతుకు వేస్తాం. లేవండి. బస్సుకి వేళైంది."

* * *

మూడో స్టాపులోనే గొడవ మొదలైంది.

"కార్డా?" అంది మామ్మ. నడుము వంగి, చేతికర్ర ఎత్తుకి సరిగ్గా సరిపోయే మనిషి. "ఏడేళ్ళుగా లేనిది ఇవాళ కార్డేమిట్రా? నా మొహం మర్చిపోయావా?"

"మొహం నాకు తెలుసు మామ్మా. మిషనుకి తెలీదు."

"తెలీకపోతే చెప్పు."

వెనకనుంచి నవ్వులు. మామ్మ మూట విప్పింది. మందుల చీటీ వచ్చింది, దువ్వెన వచ్చింది, ఎవరిదో పళ్ళసెట్టు వచ్చింది. అన్నిటికంటే అడుగున కార్డు.

"ఇందులో ఉన్నదెవరు?"

"నేనే. పన్నెండేళ్ళ కిందట. అప్పుడు పళ్ళుండేవి."

అతను టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని తిరగేసి మరగేసి చూసింది. "సున్నా వేశావు! మనిషినెక్కించుకుని సున్నా వేస్తావా? నేను సున్నానా?"

"ఆ సున్నాయే ఇవాళ మనకి ప్రాణం మామ్మా," అని కత్తెర ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. ఆ పక్కనే వంగి చెవిలో చెప్పింది, ఆఫీసులో ఏమనాలో, ఏమనకూడదో.

అలా సీటు సీటుకీ వెళ్ళి చెప్పింది. "బస్సు కావాలని ఎంత గట్టిగా అయినా అడగండి. కానీ మనవాడు టికెట్టు కొట్టేవాడు కాదని నోరు జారారో, రేపట్నుంచి ఈ బండిలో మీకు కొత్త మొహం కనబడుతుంది." అందరూ తలలూపారు. మనవాడు. ఆ ఒక్క మాట చాలింది వాళ్ళకి.

చివరికి డ్రైవరు వెనక నిలబడింది. అతను మాట పొదుపు మనిషి. పద్నాలుగు నెలల్లో పింఛను. ఆమె అతన్ని అన్నయ్యా అంటుంది, అతను ఆమెను చెల్లెమ్మా అంటాడు. వరస ఏమీ లేదు. పద్నాలుగేళ్ళుగా ఒకే బండి ఎక్కుతూ దిగుతూ ఏర్పడ్డ వరస.

"అన్నయ్యా, మిమ్మల్ని అడిగితే మీకేం తెలీదు. మీ పని ముందుకు చూడ్డం. వెనక ఏం జరిగిందో మీకు తెలియాల్సిన అవసరం లేదు. సరేనా?"

అతను అద్దంలోంచి ఆమె కేసి చూసి, తల ఆడించాడు.

పదమూడో స్టాపులో టికెట్ కాగితం చుట్ట అయిపోయింది. ఎప్పుడూ నాలుగు రోజులకొకటి మార్చే మనిషి, నడిరోడ్డు మీద కొత్త చుట్ట తిరగేసి పెట్టి, ఖాళీ కాగితాలు రెండు మూరలు బయటికి లాగి, చెమటలు కక్కాడు. బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. వదిన మాత్రం చేతి గడియారం చూసుకుని చేయి కొంగు కింద దాచుకుంది. కత్తెర అది చూసింది. చూడనట్టు కిటికీలోంచి బయటికి చూసింది.

పట్నం చేరేసరికి పదీ పది. యాభైనాలుగు టికెట్లు.

ఆసుపత్రి గుమ్మం దగ్గరే నర్సు చెప్పేసింది. మంచం వేరేవాళ్ళకి ఇచ్చాం, మళ్ళీ రెండు గంటలకి రండి.

"చూశావుటే," అంది వదిన. గొంతులో నిష్ఠూరం లేదు. "వాడు ఏడేళ్ళు దేన్ని ఆపాడో ఈ ఒక్క పూటతో తెలిసింది. పద, నేనూ మీ ఆఫీసుకే వస్తాను. ఎలాగూ మంచం లేనిదాన్ని."

* * *

గదిలో కుర్చీలు ఇరవై. మిగతావాళ్ళు గోడకి ఆనుకున్నారు. ఎదురుగా గోడంత పటం. అందులో బస్సులు తిరిగే దార్లన్నీ రంగురంగుల దారాల్లా గీసి ఉన్నాయి. వాళ్ళ దారి అన్నిటికంటే సన్నగా, పైకి పాకి, ఒక చుక్క దగ్గర ఆగిపోయింది.

అధికారిణి నడివయసు మనిషి. పెన్సిలు చెక్కుకుంటూ అందరి మాటా విన్నది. మధ్యలో ఒక్కరినీ ఆపలేదు. కత్తెర వంతు వచ్చింది.

"పదకొండుమంది అని రాశారు. నిజంగా పదకొండుమందే అనుకుందాం మేడం. ఆ పదకొండుమందీ ఎక్కడికి పోవాలి? కొండ మీదికి రోడ్డు వేసినప్పుడు రోజుకి ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టి వేశారా? చివరింట్లో ఒక్క ముసలామే ఉందని ఆ ఇంటికి నీళ్ళ గొట్టం వెయ్యడం మానేశారా? కారున్నవాడికి రోడ్డు వేసి ఇవ్వడం సాయం కాదట, కారు లేనివాడికి బస్సు వేస్తే సాయమట! కత్తిరించాలంటే మొదట అంచే కత్తిరిస్తారు, నాకు తెలుసు, నా పని కూడా అదే. కానీ అంచు మడత లేకుండా కత్తిరించిన గుడ్డ నాలుగు ఉతుకుల్లో మొత్తం పోగులుగా విడిపోతుంది."

గోడ పక్కన ఎవరో "అదీ!" అన్నారు.

అధికారిణి పెన్సిలు కింద పెట్టింది. "మీరన్నదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. కానీ నా దగ్గర నాలుగు దార్లున్నాయి. మూడింటికే సొమ్ము ఇచ్చారు. ఏటి అవతలి లోయకి రోజుకి ఇరవైఆరుమంది. వాళ్ళూ నిన్న ఇక్కడే, ఇదే గదిలో నిలబడ్డారు. ఒకావిడ పురిటి నొప్పుల రోజు బస్సు తన ప్రాణం ఎలా దక్కించిందో చెప్పి ఏడ్చింది. పదకొండుమందికి ఇచ్చి ఇరవైఆరుమందికి ఎందుకు ఆపానో, ఆమెకి ఏమని చెప్పను?"



"ఇవాళ యాభైనాలుగు టికెట్లు తెచ్చారు. మీటింగు ఉంది కాబట్టి వచ్చారని పైవాళ్ళు అంటారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అంటాను. ఏడేళ్ళ కాగితాలు పదకొండంటున్నాయి. ఆ కాగితాలు తప్పని ఎవరైనా చెప్పగలరా? ఎవరైనా సరే."

వచ్చినవాళ్ళందరూ ఒక్కసారిగా కత్తెర కేసి చూశారు.

ఎవ్వరూ నోరు విప్పలేదు. మామ్మ అయితే చేత్తో నోరు మూసుకుంది, మాట బయటికి దూకుతుందేమోనన్నట్టు. ఎంత బాగా చెప్పిపెట్టింది తను! ఎంత బుద్ధిగా విన్నారు వాళ్ళు!

కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచినవాడు ఆమె మొగుడు.

ఆమె అతని చొక్కా అంచు పట్టుకుంది. వదిన ఆమె మణికట్టు పట్టుకుంది.

"వదిలెయ్యవే. వాణ్ణి పెంచింది నేను. అబద్ధం వాడికి అరగదు."

"ఉద్యోగం పోతుంది వదినా."

"తెలుసు. లేచినవాడికీ తెలుసు."

అతను చెప్పాడు. పొద్దున ఇంట్లో చెప్పినంత కూడా చెప్పలేదు. అక్క మాట ఎత్తలేదు. "కార్డులవాళ్ళకి నేను టికెట్టు కొట్టలేదండి. ఏడేళ్ళు. తప్పు నాది. ఎక్కినవాళ్ళు మాత్రం పదకొండుమంది కాదు, ఆదివారాలు వదిలేస్తే నలభైకి తక్కువ ఏ రోజూ లేరు."

అధికారిణి అతని కేసి తిరిగింది. "ఈ మాట రాసుకున్నానంటే ఒక నకలు మీ డిపోకి పంపక తప్పదు."

"పంపండి."

"రూటు నిలబెట్టుకోవడానికి మీరే కల్పించి చెబుతున్నారనవచ్చు కూడా. ఇంకెవరైనా చెప్పాలి. డ్రైవరు వచ్చారా?"

డ్రైవరు వెనక గోడ దగ్గర లేచాడు.

"ఈయన చెప్పింది మీరు చూశారా?"

అతను కత్తెర కేసి చూడలేదు. పొద్దున తల ఆడించినప్పుడే మాట ఇచ్చేశాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

"నాకేం తెలీదండీ. నా పని ముందుకు చూడ్డం."

కండక్టరు వెనక్కి తిరిగి అతన్ని చూసిన చూపు కత్తెర జన్మలో మరిచిపోలేదు. పద్నాలుగేళ్ళు ఒకే డబ్బాలో అన్నం పంచుకున్న ఇద్దరు, ఒక గదిలో ఇటు చివర ఒకడూ అటు చివర ఒకడూ. ఊళ్ళు విడిపోవడానికి బస్సు ఆగిపోవాలి. మనుషులు విడిపోవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అతనిది కాదు, తనది.

అధికారిణి పెన్సిలు అందుకుంది. ఏదో కొట్టివేయబోతోంది.

"ఆగండి!" కత్తెర లేచి నిలబడింది. "ఆయనది కాదు ఆ మాట. నేను చెప్పించాను. ఈ గదిలో అందరి నోరూ కుట్టేసింది నేనే. మా ఆయన ఉద్యోగం పోకూడదని."

"అలాగా?" అధికారిణి జనం కేసి తిరిగింది. "ఈమె మీకు అలా చెప్పిందా?"

ఒక్కరు పలకలేదు.

"చెప్పండర్రా!" అంది కత్తెర. "ఇప్పుడు చెప్పొచ్చు!"

"నిజంగానేనా?" అంది మామ్మ వేళ్ళ సందులోంచి. "ఇదీ పరీక్షేమోనని."

పటం కింద కూర్చున్న గుమాస్తాకి నవ్వాగలేదు. అధికారిణికీ పెదవి కదిలింది. కానీ ఆమె కళ్ళు డ్రైవరు మీదే ఉన్నాయి.

"మళ్ళీ అడుగుతున్నాను. తెలిసీ ఊరుకున్నారంటే మీ మీదా రాయాల్సి వస్తుంది. ఆలోచించి చెప్పండి."

ఇప్పుడతను కత్తెర కేసి చూశాడు. పొద్దుట్నుంచి అందరికీ జవాబు అందించిన మనిషి ఆమె. అతని పింఛనుకి పద్నాలుగు నెలలు అనుకుంది. రెండిళ్ళ కూడు అనుకుంది. ఆమె తల నిలువుగా ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. జీవితంలో మొదటిసారి ఇంకొకరి కొలత ఇంకొకరికే వదిలేసింది.

అతను గొంతు సవరించుకున్నాడు.

"నా మాట మీద నమ్మకం లేకపోతే బండిని అడగండమ్మా," అన్నాడు. "తొమ్మిదో స్టాపు దాటాక నిట్టనిలువు ఎత్తు ఉంది. పదకొండుమందితో అయితే ఆ ఎత్తు రెండో గేరులో ఎక్కేస్తుంది. ఏడేళ్ళుగా నేను మొదటి గేరులోనే ఎక్కిస్తున్నాను. మొదటి గేరు డీజిలు తాగుతుంది. ప్రతిరోజూ ఎంత పోశారో డిపో పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం రాసేది నేనూ కాదు, ఈయనా కాదు. ఆదివారాలు పిల్లలకి బడి ఉండదు, ఆసుపత్రి ఉండదు, బండి ఖాళీగా పోతుంది. ఆ రోజు డీజిలూ మిగతా రోజుల డీజిలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎంతమంది ఎక్కారో అదే చెబుతుంది."

అంత పొడుగు మాట అతని నోటివెంట రావడం ఎవరూ ఎరగరు.

"అద్దంలో కూడా చూశాను," అని కలిపాడు. "ఉన్నది చూడ్డానికేగా."

అధికారిణి గుమాస్తాని పిలిచింది. డీజిలు పుస్తకం, ఏడేళ్ళది, డిపో నుంచి వెంటనే తెప్పించమంది. గుమాస్తా పరుగెత్తాడు. ఆమె తెల్ల కాగితం తీసుకుని రెండు పేర్లూ రాసుకుంది. నిదానంగా, ఒక్కో అక్షరమూ బరువైనట్టు.

"పుస్తకం మీరన్నట్టే ఉంటే, మీ దారి జాబితాలో ఉంటుంది. అవతలి లోయ కోసం నేనే పైకి వెళ్ళి పోట్లాడతాను. కానీ మీరిద్దరూ..." ఆమె కళ్ళజోడు తీసింది. "విచారణ అయ్యేదాకా, ఈ క్షణం నుంచీ మీరిద్దరూ బండి మీద డ్యూటీ చేయడానికి లేదు. అది రూలు."

కండక్టరు టికెట్ మిషను భుజం మీదినుంచి తీశాడు. అక్క అతని వీపు మీద చేయి వేసి, తీయలేదు.

డ్రైవరు జనం మధ్యనుంచి దారి చేసుకుని ముందుకు వచ్చాడు. జేబులోంచి బస్సు తాళం తీసి, అధికారిణి ముందున్న కాగితం మీద, సరిగ్గా తన పేరు పక్కన పెట్టాడు.

"ఐదు గంటలకి వీళ్ళందర్నీ ఇళ్ళకి చేర్చాలమ్మా," అన్నాడు. "ఎవరు తీసుకెళ్తారో అదీ రాయండి."

అధికారిణి తాళం కేసి చూసింది. తరువాత, గది నిండా ఉన్న యాభైనాలుగుమంది కేసి చూసింది. పెన్సిలు ఆమె వేళ్ళ మధ్యే ఉండిపోయింది.